తొక్కుడుబిళ్లలో పాట

చంద్రపూర్‌లో నేను పిల్లలకు నేర్పిన మొదటి పాటలో యేసుప్రభువు రిక్షా తొక్కేవాడు.

పాట కట్టినవాళ్ల తప్పు కాదది. మన పెద్దలు పల్లెల్లో పాడుకున్న పాత కీర్తన. చరణానికొకటి చొప్పున ప్రభువుకు ఏడు పేర్లు వస్తాయి అందులో. వెలుగు, ద్వారం, కాపరి, జీవాహారం, మూలరాయి, ద్రాక్షావల్లి, వేకువచుక్క. మా పిల్లలు ద్రాక్షతోట చూసినవాళ్లు కాదు. వల్లి అన్న మాట విన్నవాళ్లు అసలే కాదు. వాళ్లకు రోజూ కనిపించేది రిక్షావాలా. అందుకని కళ్లు మూసుకుని, చేతులు జోడించి, "నిజమైన రిక్షావాలా నీవే" అని ఎంతో భక్తిగా పాడేవారు. అందరి గొంతులూ కలిసి పెద్దగా పాడుతుంటే ముందు నిలబడిన టీచరుకు ఏ మాట ఏదో తెలుస్తుందా? నాకు చాలా నెలలు తెలియలేదు.

ఇప్పుడు ఆదివారం బడి నడుపుతున్న మీరు కనిపించినప్పుడల్లా అడుగుతుంటారు. "టీచరమ్మా, మీ రోజుల్లో ఫోన్లు లేవు, తెర మీద బొమ్మలు లేవు. పిల్లలను ఎట్లా కూర్చోబెట్టేవారు?" అని. కూర్చోబెట్టలేదమ్మా, అదే సంగతి. ఎప్పుడు అడిగినా నవ్వి ఊరుకున్నాను. ఇవాళ తీరిగ్గా చెబుతాను.

నేను సంఘం జీతం మీద పనిచేసిన బైబిల్ స్త్రీని. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేయడం, జబ్బుపడ్డవాళ్లను చూసిరావడం, ఆడవాళ్ల కూటం నడపడం, ఆదివారం పొద్దున పెద్దల ఆరాధనకు ముందు పిల్లలకు పాటలు, కథలు చెప్పడం, ఇదీ నా పని. చదువు ముగించగానే నన్ను చంద్రపూర్ పంపించారు. రామగుండంలో రైలెక్కి, ట్రంకు పెట్టె, చాప, ఒక పాటల పుస్తకంతో దిగాను. పద్మాపూర్ పోయే దారిలో బొగ్గుగని కాలనీ, దాని పక్కన మా చిన్న గుడి, గుడి వెనక నాకొక గది. పొద్దున ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత బూడిదరంగు చీరలే కొనుక్కున్నాను.

సంఘంలో ఎక్కువమంది కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి గనుల్లో పనికి వచ్చిన కుటుంబాలు. థర్మల్ కాలనీ నుంచి స్కూటర్ల మీద వచ్చే ఇంజనీర్లు కొద్దిమంది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, బడిలో మరాఠీ చదివేవారు, దెబ్బలాడుకునేటప్పుడు హిందీ. తెలుగు అక్షరం మాత్రం ఒక్కరికీ రాదు. అప్పుడప్పుడే కాలనీలో కేబుల్ తీగలు ఒక కప్పు మీంచి ఇంకో కప్పుకు పాకుతున్నాయి. ఆదివారం పొద్దున టీవీలో సీరియల్ వచ్చే వేళ, నా పిల్లల బడి వేళ ఒకటే. ఎవరు గెలిచేవారో వేరే చెప్పాలా? వానాకాలం ముగిసేసరికి నా ముందు చాప మీద సగం ఖాళీగా కనిపించేది.

రిక్షా సంగతి ఎట్లా బయటపడిందో చెప్పనేలేదు. ఒక ఆదివారం తెల్ల కాగితాలు పంచి, మీకు నచ్చిన పాటకు బొమ్మ వేయండి అన్నాను. రెండు జడల పిల్ల ఒకతి ఉండేది. డ్రిల్లు మిషను నడిపేవాడి కూతురు, కాలనీ ఆడపిల్లలందరికీ నాయకురాలు. ఆ పిల్ల మూడు చక్రాల బండి ఒకటి వేసి, దాని మీద గడ్డం మనిషిని కూర్చోబెట్టింది.

"ఈయన ఎవరమ్మా?"

"యేసయ్య, టీచర్."

"వెనక కూర్చున్నది?"

"మా అవ్వ. దవాఖానకు తీస్కపోతుండు."

నాకు అర్థం కాలేదు. ఏ పాటలోది అని అడిగితే లేచి నిలబడి పాడి చూపించింది. పక్కనున్న పిల్లవాడు కిరోసిన్ డిపో ముందు డబ్బాల వరస వేశాడు. పల్లవిలో 'కృపాసనము చేరుదము' అని, అంటే దేవుని దయాపీఠం దగ్గరికి పోదామని వస్తుంది. వాడు నెలల తరబడి 'కిరోసిన్‌కు చేరుదము' అని పాడుతున్నాడు. వాళ్లమ్మ వాణ్ణే పంపేది డిపోకు, పాపం.

గదికి వెళ్లి తలుపు వేసుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాను. నవ్వు ఆగాక నిజంగానే దిగులేసింది. ఇంతకాలం నేను నేర్పింది ఏమిటి? రాగం నేర్పాను. గొంతెత్తమని నేర్పాను. ఆ పాటలో ఎవరిని పిలుస్తున్నారో మాత్రం పిల్లలకు తెలియదు. అయినా దవాఖానకు తీసుకుపోయే యేసయ్య తప్పు యేసయ్య కూడా కాదు. ఆ బొమ్మను చింపడానికి మనసు రాలేదు.

మొదట పాటను నాగరి అక్షరాల్లో నల్లబల్ల మీద రాశాను. పిల్లలు మరాఠీ పాఠం అప్పజెప్పినట్టు, ఒక్కో మాట విడగొట్టి, నిద్రమొహాలతో చదివారు. తర్వాత చరణం చరణం అర్థం చెప్పాను. నేను 'మూలరాయి' గురించి చెబుతుంటే వాళ్ల చూపులన్నీ కిటికీలోంచి ఎదురింటి టీవీ మీద. మూడో ప్రయత్నం అడగకండి. బెల్లం పంచాను. బెల్లం తిని వెళ్లిపోయారు.

ఇక మా అయ్యగారి సంగతి. కోస్తా నుంచి వచ్చిన పాస్టరు, మెత్తటి మనిషి, ఎవరినీ నొప్పించలేడు. ఒక ఇంజనీరుగారు సంఘానికి కొత్త టేప్ రికార్డరు కానుకగా ఇచ్చారు. అయ్యగారు దాన్ని చూపించి అన్నారు:

"కాలం మారుతోందమ్మా. పిల్లలకు హిందీ పాటల క్యాసెట్లు వేద్దాం. వాళ్లే వింటారు, వాళ్లే పాడుకుంటారు. నీకూ శ్రమ తగ్గుతుంది."

ఆ మాట పడనిది ఒక్కరికే. సంఘపెద్దకు. ఆయన గనిలో సర్దార్. అంటే ఒక ముఠా కూలీల మీద పెద్ద. పని మొదలయ్యే ముందు గని పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడును బట్టి అది నిలుస్తుందో లేదో చెప్పి, అప్పుడు మనుషులను లోపలికి పంపేవాడు. ఆయన కదలొద్దంటే ఎవరూ కదలకూడదు. కదిలితే ప్రాణం పోయే చోటు అది. ఆ అలవాటు గుడిలోకి కూడా వచ్చింది. ఆదివారం హార్మోనియం ఆయనదే. మేం దాన్ని పెట్టె అనేవాళ్లం. బొగ్గుపొడి పట్టిన గొంతైనా పాట ఎత్తుకుంటే గుడి నిండేది.

"తెలుగు పాట పోతె మనం ఈడ సంఘమని చెప్పుకునుడెందుకు అయ్యగారూ?" అన్నాడాయన. "మా నాయిన ఈ గనికొచ్చినప్పుడు తెచ్చుకున్న ఆస్తి గీ పాటలే. పిల్లలు తెలుగులనే పాడాలె. మంచిగ కూసొని, చేతులు కట్టుకొని పాడాలె."

అయ్యగారు ఎప్పటిలాగే "ఆలోచిద్దాం" అన్నారు. ఒకరికి హిందీ క్యాసెట్ కావాలి, ఒకరికి కట్టిన చేతులు కావాలి. నా దగ్గర రెండూ లేవు.

ఒక రోజు మధ్యాహ్నం ఇళ్లు తిరుగుతూ కాలనీ నల్లా దగ్గర ఆగాను. నీళ్లు వచ్చేదాకా ఆడపిల్లలు బిందెలు వరసలో పెట్టి తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నేల మీద బొగ్గుముక్కతో గీసిన గళ్లు. రెండు జడల పిల్ల ఒంటికాలి మీద ఎగురుతోంది. ప్రతి గడికీ ఒక మరాఠీ మాట, అందరూ కలిసి. ఒక్క మాట తప్పిందో లేదో, చుట్టూ ఉన్నవాళ్లు "చుక్లీ! చుక్లీ!" అని అరిచారు, తప్పింది తప్పింది అని. పిల్ల ఏమీ వాదించకుండా పక్కకు జరిగింది. నా ముందు ఐదు నిమిషాలు కూర్చోలేని పిల్లలు అంత ఎండలో, అంత శ్రద్ధగా, మాటకు మాట పట్టి చూస్తున్నారు.

గళ్లు లెక్కపెట్టాను. ఏడు, ఆ పైన ఇల్లు. మా పాటలో పేర్లూ ఏడే.

"నన్ను ఆడనిస్తారా?" అన్నాను.

పిల్లలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "చీర కట్టుకొని ఎట్ల దుంకుతరు టీచర్?" అంది రెండు జడల పిల్ల.

"నేను దుంకను. పాట చెబుతా. మీరు దుంకండి. ఒక్కో గడికి ఒక్కో చరణం."

అప్పుడు వచ్చింది అసలు పేచీ. గడిలో ఏం గీయాలి? వెలుగుకు దీపం గీశారు. ద్వారానికి తలుపు. కాపరికి కర్ర. జీవాహారం అంటే ఏంటి టీచర్? తింటే ప్రాణం నిలిచే తిండి. అయితే జొన్నరొట్టె. గుండ్రంగా గీసేశారు. వేకువచుక్క అంటే తెల్లారగట్ల నాయిన మొదటి షిఫ్టుకు పోయేటప్పుడు కనిపించే చుక్క. అది అందరికీ తెలుసు. మూలరాయికి ఎవరో పరుగెత్తి క్వార్టరు గోడ మూలన వేలు పెట్టి చూపించారు. ద్రాక్షావల్లి దగ్గర ఆగాం. పక్కింటి కంచె మీద కాకరతీగ పాకి ఉంది. "వల్లి అంటే తీగ" అన్నాను. "ఆ తీగను తెంపితే కాయ ఎండిపోతుంది. పట్టుకుని ఉంటేనే కాయ."

"గట్లయితె ఇది కాకరవల్లి" అంది ఒక చిన్నది. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి మా పాటలో రిక్షా కనబడలేదు.

ఆ తర్వాతి వారాల గురించి చెబుతుంటే ఇప్పటికీ నాకు హుషారు వస్తుంది. మాట తప్పితే ఆట పోతుంది కదా, అందుకని పిల్లలు ఒకరికొకరు టీచర్లయ్యారు. నేను వదిలేసిన దీర్ఘాలు కూడా వాళ్లు పట్టుకునేవారు. మగపిల్లలు తొక్కుడుబిళ్ల మేం ఆడం అన్నారు, అది ఆడపిల్లల ఆటట. వాళ్లకు ఇంకో పాటను గోలీలాటలో పెట్టాను. చేతులు చరిచే ఆటలోకి ఒకటి, తాడాటలోకి ఒకటి. నల్లా దగ్గర, రేషన్ దుకాణం ముందు, బడికి పోయే దారిలో మా కీర్తనలే. పక్క క్వార్టర్ల మరాఠీ పిల్లలు కూడా ఆటకు చేరి, అర్థం తెలియకపోయినా మాట తప్పకుండా పాడేవారు. ఒకరోజు వాళ్లలో ఒక పిల్ల తల్లి నన్ను ఆపి ఏం పాటో అడిగింది. నాకు లోపల భయం వేసింది, తప్పు పడుతుందేమోనని. దీపం, రొట్టె, చుక్క అని మరాఠీలో చెప్పాను. "ఛాన్ ఆహే" అని, బాగుందని, పిల్ల జడకు రిబ్బను బిగించి పంపింది.

ఆదివారం చాప మళ్లీ నిండింది. ఇంకో చాప తెచ్చుకోవాల్సి వచ్చింది. సీరియల్ అట్లాగే వస్తోంది. కానీ సీరియల్లో ఎవరూ వీళ్లను ఆటకు పిలవరు కదా.

అంతా బాగుందనుకుంటుండగా, ఒక సాయంత్రం సర్దార్ మొదటి షిఫ్టు దిగి సైకిలు మీద ఇంటికి పోతూ నల్లా దగ్గర ఆగాడు. గళ్లు చూశాడు. ఆఖరి గడిలో, ఇల్లు అని పిలిచే గడిలో, పిల్లలు బొగ్గుతో నాగరి అక్షరాల్లో ప్రభువు పేరు రాశారు. ఆయన చూస్తుండగానే రెండు జడల పిల్ల ఎగిరి ఆ గడిలో రెండు కాళ్లూ పెట్టింది.

ఆయన పిల్లలను ఒక్క మాట అనలేదట. సైకిలు స్టాండు వేసి, ఎవరిదో బిందె తీసుకుని, ఆ గడి మీద నీళ్లు కుమ్మరించి, చేత్తో కడిగి, తిన్నగా నా గది ముందుకు వచ్చాడు. చేతుల నిండా బొగ్గు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏంది టీచరమ్మా గిది? దేవుని పాటను కాళ్ల కింద ఏసి తొక్కిస్తున్నవా? పేరు నేల మీద రాసి దాని మీద దుంకుతుండ్రు పోరగాండ్లు!"

పేరు రాసిన సంగతి నాకు అప్పటికి తెలియదు. నేను బొమ్మలు మాత్రమే గీయమన్నాను. ఆ మాట చెప్పబోయి ఆగాను. చెబితే తప్పంతా పిల్లల మీదికి పోతుంది.

"పేరు ఉండకూడదు పెద్దయ్యా. అది నేను చూసుకుంటాను. కానీ పాట ఆపొద్దు. వాళ్లకు ఇప్పుడు ఏడు చరణాలూ వచ్చు."

"వచ్చునా?" అన్నాడాయన. "గట్లయితె వచ్చే ఆదివారం ఆరాధన అయినంక అందరి ముందట పాడియ్యి. కూసొని, చేతులు కట్టుకొని. ఏడు చరణాలు పాడితె నేనేమన. పాడకుంటె గీ ఆటలు బంద్. అయ్యగారు ఆ హిందీ టేపే ఏసుకోనీ, నేను అడ్డమురాను."

ఆయన ఆఖరి మాట అన్నప్పుడు గొంతు తగ్గింది. ఆ మనిషికి హిందీ టేపు అంటే ఎంత కష్టమో నాకు తెలుసు. కోపం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ గుచ్చింది. సరే అన్నాను. ఏడు చరణాలూ నీళ్లు తాగినట్టు పాడుతున్నారు, భయమేముంది?

ఆ ఆదివారం ఎవరూ ఇంటికి పోలేదు. ఇంజనీర్ల కుటుంబాలు కూడా ఉండిపోయాయి. ముందు చాప మీద సర్దార్ వాళ్లమ్మ. చూపు మందగించిన ముసలామె, మేమందరం అవ్వ అనేవాళ్లం. పిల్లలను వరసగా కూర్చోబెట్టాను. చేతులు కట్టుకున్నారు. సర్దార్ పెట్టె మీద శ్రుతి ఇచ్చాడు.

పల్లవి వచ్చింది. వెలుగు వచ్చింది. ద్వారం సగంలో గొంతులు సన్నబడ్డాయి. కాపరి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు గొణుగుతున్నారు. తర్వాత అదీ లేదు. పిల్లలు నా మొహం చూస్తున్నారు, నేను వాళ్ల మొహం చూస్తున్నాను. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఇంజనీరుగారి భార్య జాలిగా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. సర్దార్ మొహంలో గెలిచిన సంతోషం ఏమీ లేదు. ఆయన పెట్టె ఆపి నేలకేసి చూస్తున్నాడు.

రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, లేవొచ్చా? కూసుంటె యాదికొస్తలేదు."

నేను సర్దార్ వైపు చూశాను. "కూసొని పాడాలెనని అనుకున్నం" అన్నాడు. కోపంగా కాదు, గుర్తు చేసినట్టు.

పిల్ల ఊరుకోలేదు. "తాతా, మీరు పెట్టె ఊపకుంట పాడితె మీకొస్తదా?"

గుడిలో ఎవరో "హుష్" అన్నారు. వాళ్ల నాన్న లేచి నిలబడ్డాడు. సర్దార్ చెయ్యి ఊపి ఆయనను కూర్చోమన్నాడు. పిల్లను ఒక్క క్షణం చూశాడు. గనిలో కప్పు తట్టి విన్నప్పుడు కూడా అట్లాగే చూస్తాడేమో. తర్వాత హార్మోనియం మూత వేసి, రెండు చేతులూ కట్టుకుని, కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు.

రాదని కాదు. ఆ పాట ఆయన రక్తంలో ఉంది. వెలుగు, ద్వారం, కాపరి, ఒక్క పొల్లు పోలేదు. జీవాహారం మొదలయ్యేసరికి ఎడమ చెయ్యి మెల్లగా విడివడి తొడ మీదికి వచ్చింది. మూలరాయి దగ్గర తొడ మీద దరువు. ద్రాక్షావల్లికి కుడికాలి మడమ కూడా కలిసింది. ఆయనకు తెలియదు. కళ్లు మూసుకునే ఉన్నాడు. గుడిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

మొదట నవ్వింది అవ్వ. చూపు ఆనకపోయినా ఆ దరువు విన్నది.

"కొడుకా, కాలు గుంజుతుందా నీకు?"

ఆయన కళ్లు తెరిచి తన చేతిని తానే చూసుకున్నాడు. గుడి అంతా నవ్వింది. ఆయన మొహం ఎర్రబడింది, బిగుసుకుంది, చివరికి మీసం కింద కొంచెం కదిలింది.

"ఊకో బిడ్డ" అంది అవ్వ. "ఈ పాట మీ నాయినమ్మ నాకు నాట్లేసుకుంట నేర్పింది. నడుం వంచితెనే యాదికొచ్చేది. కూసోబెడితె నాకు గూడ రాదు. పోరగాండ్లను లేవనియ్యి."

సర్దార్ లేవమని చెయ్యి చూపించాడు.

పిల్లలు లేచారు. గళ్లు లేవు, బిళ్ల లేదు. గుడి నేల మీద లేని గళ్లను వాళ్లే చూసుకుంటూ ఒంటికాలి మీద లేచారు. ఏడు చరణాలు. చివర ఇంటి గడిలో అందరూ ఒక్కసారే రెండు కాళ్లు పెట్టి ఆగారు. ఆయాసంతో గుండెలు ఎగసిపడుతున్నాయి. ఇంజనీరుగారి ముగ్గురు పిల్లలు ఎప్పుడు లేచారో, వాళ్లూ వరసలో ఉన్నారు. వాళ్ల అడుగులకు అవ్వ మొదలుపెట్టిన చప్పట్లు ఇంకా ఆగలేదు.

సర్దార్ రెండు జడల పిల్లను దగ్గరికి పిలిచాడు.

"గా ఆఖరి గడిల పేరెందుకు రాసినవు బిడ్డా?"

"అది ఇల్లు కదా తాతా. ఇంట్ల ఎవరుంటరు? యేసయ్య ఉంటడు." పిల్లకు ఇందులో అడగడానికి ఏముందో అర్థం కాలేదు. "అన్ని గళ్లల్ల ఒంటికాలు. ఇంట్ల ఒక్కదాంట్లనే రెండు కాళ్లు పెట్టి నిలబడొచ్చు. తొక్కుతలేము తాతా, ఆడ ఊపిరి తీసుకుంటున్నం."

ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి, కొంచెంసేపు అట్లాగే ఉంచాడు.

"మంచిగుంది. అయితె పేరు మాత్రం నేల మీద వద్దు. ఎవరన్న తెల్వనోళ్లు నడుస్తరు. ఇల్లు బొమ్మ గియ్యుండ్రి సాలు."

అదే సంఘ తీర్మానమైంది. అయ్యగారు టేప్ రికార్డరును ఆడవాళ్ల కూటానికి ఇచ్చారు. వాళ్లు దాన్ని బాగా వాడుకున్నారు కూడా. టేపులంటే నాకేం పగ లేదు. వాడేవాళ్ల మీద ఆధారపడి ఉంటుంది ఏ సామానైనా. మీరు ఫోన్లో బొమ్మలు చూపిస్తారు, మంచిదే. చూపించాక ఫోను లోపల పెట్టి, వాళ్లను లేపండి. అంతకు మించి నాకు పద్ధతి ఏదీ తెలియదు. పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో ముందు చూడండి. పాట దానంతట అదే చోటు వెతుక్కుంటుంది.

తర్వాత నన్ను రాజురా వైపు సంఘాలకు మార్చారు. వార్ధా నది దాటి ఎన్నో ఏళ్లు తిరిగాను. ఆవర్‌పూర్ సిమెంటు కాలనీలో కూడా పిల్లల బడి పెట్టాను. అక్కడ పిల్లలవి వేరే ఆటలు, వేరే గోల. పని ముగించి ఇంట్లో కూర్చున్నాక వెనక్కి చూసుకుంటే నాకు ఫిర్యాదులేమీ లేవు. పెద్ద పెద్ద కూటాలు నడిపినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ పరీక్ష మరుసటి ఆదివారమే అన్నిటికంటే ముందు గుర్తొస్తుంది.

ఆ రోజు పిల్లల బడి వేళకు సర్దార్ చేతిలో ఒక ఇత్తడి గంట పట్టుకుని వచ్చాడు. గనిలో పాతది తీసేస్తే అడిగి తెచ్చుకున్నాడట. చాప ముందు నిలబడి, తన ముఠాతో మాట్లాడినట్టు చెప్పాడు.

"గనిల తాడు కట్టి బొగ్గు డబ్బాలు మీదికి గుంజుతరు. లోపలోనికి, మీదోనికి మాటలు వినబడయి. అందుకని గంట. మూడు గొడితె గుంజు. రెండు గొడితె మెల్లగ. ఒక్కటి గొడితె ఆగు. ఈడ గూడ గంతే. మూడు గొడితె గట్టిగ పాడాలె. రెండు గొడితె మెల్లగ. ఒక్కటి గొడితె?"

"ఆగాలె!" అని పిల్లలు అరిచారు.

మూడు గంటలు. పైరేకులు అదిరేలా పాడారు. రెండు. గొంతులన్నీ ఒక్కసారి గుసగుసలోకి దిగాయి, పాట మాత్రం తెగలేదు. మళ్లీ మూడు, మళ్లీ రెండు. పిల్లలు ఆయన చేతి మీంచి చూపు తిప్పడం లేదు. ఇన్నాళ్లు ఎవరినీ కదలనివ్వని మనిషి అంతమందిని ఒక్క చేత్తో ఆడిస్తున్నాడు, ఆయన మీసం మీద చెమట మెరుస్తోంది.

ఒక్క గంట కొట్టాడు.

పాట ఆగింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నవాళ్లు ఉన్నట్టే నిలిచిపోయారు. బయట నల్లా నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు వినిపించింది. ఆయన గంట పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, తర్వాత ఏం చేయాలో మరిచిపోయినవాడిలా. నేను దగ్గరికి వెళ్లాను, ఒంట్లో బాగాలేదేమోనని.

"గనిల గింత సప్పుడు లేకుంట అయితె పానం గుబేల్మంటది టీచరమ్మా" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "మీద కప్పేమన్న కూలుతదేమోనని సూస్తం." పిల్లల వైపు చూశాడు. "ఈడ మంచిగుంది."

ఇంకాసేపు ఆ నిశ్శబ్దాన్ని విన్నాడు. తర్వాత మూడు గంటలు కొట్టాడు.